సీటు దొరికిన చాలదు: కళాశాలలో దివ్యాంగ విద్యార్థుల హక్కులు, పంచాయతీల కర్తవ్యము

గడచిన వేసవిలో మేము ఒక గ్రామపంచాయతీ కార్యాలయమున సభ్యులతో సంక్షేమ పథకములను గూర్చి మాటలాడుచుండగా, ఒక వార్డు సభ్యురాలు లేచి ఇట్లు అడిగినారు: "అయ్యా, మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. పుట్టుకతోనే కాళ్ళలో బలం లేదు, చంకకర్రలతో నడుస్తుంది. ఇంటరు మంచి మార్కులతో ప్యాసయింది. పట్నంలో డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. కాని క్లాసులన్నీ మేడమీద. రెండు నెలలు వాళ్ళ నాన్నే వెంట వెళ్ళి, వీపున ఎక్కించుకొని పైకి చేర్చాడు. వరికోతలు వచ్చేసరికి ఆయనకు వీలు కాలేదు. పిల్ల ఇంటికి వచ్చేసింది. సీటు ఇవ్వనే ఇచ్చారు, ఇంక చట్టం చేసేదేముందండీ?"

ఆ ప్రశ్న విని సభలో కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు. అది ఆ ఒక్క వీధికి సంబంధించిన ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యముగలవారు సుమారు 2 కోట్ల 68 లక్షలమంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైబడినవారు. వీరిలో బడిలో చేరినవారు కొందరు, కళాశాల వాకిలి చేరినవారు మరికొందరు మాత్రమే. అంత దూరము వచ్చిన బిడ్డ మెట్లయొద్ద నిలిచిపోయి వెనుదిరుగుట కుటుంబమునకే కాదు, గ్రామమునకును నష్టమే.

ఆ సభ్యురాలికి మేమిచ్చిన సమాధానము ఒక్కటే: సీటు ఇచ్చుటతో చట్టము పని ముగియదు, అచ్చటనే మొదలగును. ఆ సమాధానమును ఇచ్చట కొంత వివరముగా పంచాయతీ సభ్యులందరి యెదుట ఉంచుచున్నాము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

వైకల్యముగలవారికై మన దేశమున మొదట 1995లో ఒక సమగ్రమైన చట్టము చేయబడినది. అందు ఏడు విధములైన వైకల్యములు మాత్రమే గుర్తింపబడినవి. ప్రభుత్వ విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు సంస్థలలోను నూటికి 3 సీట్లు కేటాయింపబడినవి. పిమ్మట 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము 2007లో దానిని ధ్రువీకరించినది. ఆ ఒడంబడికకు అనుగుణముగా పాత చట్టము స్థానమున 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్నది.

ఈ కొత్త చట్టమున వైకల్యములు ఏడునుండి ఇరువదియొకటికి పెరిగినవి. చూపు, వినికిడి, మాట, కాళ్ళుచేతులకు సంబంధించినవే కాక, కంటికి కనబడని వైకల్యములును ఇందు చేరినవి. తెలివి చక్కగానుండియు చదువుటలోనో, వ్రాయుటలోనో, లెక్కించుటలోనో ప్రత్యేకమైన ఇబ్బంది పడువారు, ఆటిజము గలవారు, తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధులు గలవారు చట్టపు రక్షణలోనికి వచ్చిరి. ఆమ్లదాడికి గురియైనవారును చేర్చబడిరి. ఏజెన్సీ ప్రాంతములలోని గిరిజన గ్రామముల సభ్యులు సికిల్‌సెల్ వ్యాధి ఈ పట్టికలోనున్న సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఈ వ్యాధిగల విద్యార్థి చూచుటకు ఆరోగ్యవంతునివలె కన్పట్టవచ్చును. నొప్పులు వచ్చిన దినమున మంచము దిగలేడు. అట్టివానిని "సోమరి" యనుట అన్యాయము.

ఉన్నతవిద్యను గూర్చి చట్టము రెండు వేరువేరు సంగతులు చెప్పుచున్నది. మొదటిది సీట్ల కేటాయింపు. 32వ సెక్షను ప్రకారము ప్రభుత్వ కళాశాలలు, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలు నూటికి 5కు తక్కువ కాకుండ సీట్లను 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము గలవారికి కేటాయించవలెను. ప్రవేశమునకు గరిష్ఠ వయస్సులో వీరికి 5 ఏండ్ల సడలింపు కలదు. ఈ 5 శాతము నియమమును విద్యాసంస్థలు తప్పక పాటింపవలెనని 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

రెండవది చేరిన తరువాతి సంగతి. ప్రభుత్వములనుండియు స్థానిక సంస్థలనుండియు ధనసహాయము గాని గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు దివ్యాంగులను వివక్ష లేకుండ చేర్చుకొనునట్లును, భవనములు, ఆవరణ, ఇతర వసతులు వారికి అందుబాటులోనుండునట్లును, ప్రతి విద్యార్థి అవసరమునుబట్టి సర్దుబాట్లు కల్పించునట్లును చూడవలెనని 16వ సెక్షను ఆదేశించుచున్నది. కావున "మాది ప్రైవేటు కళాశాల, మాకు ఈ చట్టము వర్తించదు" అను మాట చెల్లదు. గుర్తింపు పొందిన కళాశాల ఏదైనను విద్యార్థికి సర్దుబాటు కోరు హక్కు కలదు.

సర్దుబాటు అనగానేమి?

చట్టము వాడిన మాటను మనము "సముచితమైన సర్దుబాటు" అని చెప్పుకొనవచ్చును. ఇతరులతో సమానముగా తన హక్కులను అనుభవించుటకు దివ్యాంగునికి అవసరమగు మార్పును, సంస్థపై మోయరాని భారము పడకుండ చేయుటయే సర్దుబాటు. ఈ సర్దుబాటును నిరాకరించుట కూడ వివక్షయే యగునని చట్టముననే వ్రాయబడియున్నది. ఈ ఒక్క వాక్యమును సభ్యులు కంఠస్థము చేసికొనదగును.

సర్దుబాటు అందరికి ఒకే అచ్చున పోసినట్లు ఉండదు. చంకకర్రలతో నడచువానికి తరగతి క్రింది అంతస్తున జరుగుటయే సర్దుబాటు. చూపులేని విద్యార్థికి బ్రెయిలీ పుస్తకము గాని, విని నేర్చుకొనుటకు శబ్దరూపమైన పాఠము గాని, అక్షరములను చదివి వినిపించు కంప్యూటరు గాని కావలెను. చూపు మందగించినవానికి పెద్ద అక్షరములతో అచ్చువేసిన ప్రశ్నపత్రము చాలును. వినికిడి తక్కువైన బాలిక ముందు బల్లపై కూర్చుండుట, అధ్యాపకుడు నల్లబల్లవైపు కాక ఆమెవైపు తిరిగి మాటలాడుట, చెప్పిన పాఠమును వ్రాసి యిచ్చుట ఆమెకు మేలు చేయును. కొందరికి సంజ్ఞాభాష తెలిసిన సహాయకుడు అవసరము. సికిల్‌సెల్ గల విద్యార్థి ఆసుపత్రిలోనున్న దినముల హాజరు విషయమున సడలింపు కోరవచ్చును.

వీనిలో ఖర్చుతో కూడినవి కొన్ని కలవు. ఏమియు ఖర్చు లేనివే ఎక్కువ. గది మార్చుటకు, బల్ల మార్చుటకు, ముఖము త్రిప్పి మాటలాడుటకు నిధుల మంజూరు అక్కరలేదు.

భవనముల విషయమున ఒక లెక్క చెప్పవలసియున్నది. పలుచోట్ల మెట్ల ప్రక్కన సిమెంటుతో వాలుగా ఒక ర్యాంపు కట్టి, పని ముగిసినదని భావించుచున్నారు. ర్యాంపు వాలు 1కి 12కు మించరాదని ప్రమాణము. అనగా ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవు ఉండవలెను. రెండడుగుల అరుగునకు ఇరువదినాలుగు అడుగుల ర్యాంపు కావలెను. ఆరడుగులతో ముగించిన ర్యాంపుపై చక్రాల కుర్చీ తనంతట ఎక్కజాలదు; దిగునపుడు బోర్లపడును. పంచాయతీ కార్యాలయము వద్ద మనము కట్టించిన ర్యాంపును కూడ ఒకమారు టేపుతో కొలిచి చూచుకొనుట మంచిది.

ఈ ప్రమాణములు కాగితమునకే పరిమితము కాకూడదని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది. హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమునకు చెందిన అధ్యయన కేంద్రము సమర్పించిన నివేదికను పరిశీలించి, అందుబాటు ప్రమాణములను తప్పనిసరిగా పాటింపవలసిన నియమములుగా రూపొందించవలెనని కేంద్రప్రభుత్వమును ఆదేశించెను.

ఇది అనుగ్రహము కాదు

గ్రామములలో మాకు తరచు వినవచ్చు సందేహమొకటి కలదు: "ఒకరికి గంట ఎక్కువ ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయం కాదా?"

ఇది న్యాయమైన ప్రశ్నయే, సమాధానము చెప్పవలసినదే. పరీక్ష దేనిని కొలుచుచున్నది? విద్యార్థికి పాఠము వచ్చునా రాదా యనుదానిని. అతని వ్రేళ్ళ వేగమును కాదు, కంటిచూపును కాదు. చేయి వణకు విద్యార్థి మూడు గంటలలో సగము పత్రమే వ్రాయగలిగినచో, మనము కొలిచినది అతని చేతిని. అతని చదువును కాదు. వంకరయైన త్రాసును సరిచేయుట ఒకరికి ఎక్కువ తూచుట కాదు. దివ్యాంగునికి ప్రశ్నపత్రము తేలిక చేయుమని ఎవ్వరును కోరుట లేదు. సమాధానము అతడే చెప్పవలెను. అదే ప్రశ్నకు, అదే ప్రమాణమున మార్కులు పడును.

పరీక్షలయందలి వసతులు

చేతితో వ్రాయజాలనివారికి స్క్రైబు, అనగా వ్రాయసగాడు, సహాయము చేయును. విద్యార్థి చెప్పినదానిని చెప్పినట్లు వ్రాయుటయే అతని పని. తన తెలివి చేర్చుటకు వీలులేదు. కేంద్రప్రభుత్వము 2018 ఆగస్టు 29న విడుదల చేసిన మార్గదర్శకములలో గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు సమయము నిర్దేశింపబడినది. ఈ లెక్కన మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనము. వ్రాయసగాని అర్హతలు, అతనిని ఎవరు ఏర్పాటు చేయవలెననునట్టి నియమములు అప్పుడప్పుడు మారుచుండును. కావున విద్యార్థి వ్రాయబోవు పరీక్షకు ఆ యేటి నియమములను బోర్డునుండి గాని విశ్వవిద్యాలయమునుండి గాని ముందుగా తెలిసికొనవలెను.

వైకల్యము 40 శాతమునకు తక్కువైనచో వసతి లేదని కొందరు అధికారులు చెప్పుట కలదు. ఇది సరికాదు. వ్రాయునపుడు చేయి బిగుసుకొనిపోవు జబ్బుగల ఒక అభ్యర్థి వ్యాజ్యమున 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, 40 శాతము నియమము సీట్ల కేటాయింపు వంటివానికే గాని వ్రాయసగాని సహాయమునకు కాదని నిర్ణయించెను. దాని ననుసరించి 40 శాతమునకు తక్కువ వైకల్యముండి వ్రాయుటకు ఇబ్బంది పడువారికై 2022 ఆగస్టు 10న కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. 2025 ఫిబ్రవరి 3న మరియొక తీర్పులో కోర్టు ఇదే సూత్రమును తిరిగి నొక్కి చెప్పినది. కేటాయింపు వేరు, సర్దుబాటు వేరు అను ఈ భేదమును సభ్యులు స్పష్టముగా గ్రహింపవలెను.

హక్కు ఉన్నంతమాత్రమున చాలదు, వేళకు అడుగవలెను. 2021 సెప్టెంబరులో జరిగిన వైద్యవిద్యా ప్రవేశపరీక్షలో, వ్రాతకు సంబంధించిన వైకల్యముగల ఒక విద్యార్థినికి రావలసిన అదనపు గంట ఇయ్యక, ఇతరులతోపాటు ఆమె పత్రమును తీసికొనిరి. ఆమెకు అన్యాయము జరిగినదని సుప్రీంకోర్టు నవంబరు 23న నిర్ణయించి, తగిన పరిహారమార్గమును ఆలోచింపవలసినదని పరీక్ష జరుపు సంస్థను ఆదేశించెను. కాని పరీక్షను ఆమెకై మరల జరుపుమని చెప్పలేదు. తీర్పు గెలిచినను పోయిన గంట తిరిగి రాదు. అందువలన పరీక్షగది వాకిట వాదించుకొనుటకంటె నెలలకు ముందే ఉత్తరము వ్రాసి అనుమతిపత్రము చేత పట్టుకొనుట మేలు.

మూడు కాగితములు

మొదటి కాగితము వైకల్య ధ్రువపత్రము. సదరము శిబిరములను గూర్చి మన గ్రామములలో తెలియనివారు అరుదు. కాని అనేకులు దానిని పింఛనుకే అవసరమని తలంచుచున్నారు. కళాశాల సీటు, విద్యార్థివేతనము, పరీక్షా వసతులు అన్నిటికి అదియే మూలము. దేశమంతట చెల్లు యు.డి.ఐ.డి. కార్డు కూడ పొందవలెను. ఇంటరు ఫలితములు వచ్చిన పిమ్మట పరుగులెత్తిన లాభములేదు. పదవ తరగతిలోనుండగనే సిద్ధపరచుకొనవలెను.

రెండవ కాగితము కళాశాల ప్రిన్సిపాలునకు దరఖాస్తు. నోటితో అడిగినది గాలిలో పోవును. కాగితముపై అడిగినది దస్త్రములో నిలుచును. దాని మాదిరి ఈ క్రింద ఇచ్చుచున్నాము:

"అయ్యా, నేను మీ కళాశాలలో ఫలానా తరగతి విద్యార్థినిని. నాకు ఫలానా వైకల్యము కలదు; ధ్రువపత్రము జతపరచుచున్నాను. ఈ కారణమున నాకు ఫలానా ఇబ్బంది కలుగుచున్నది. వికలాంగుల హక్కుల చట్టము, 2016, 16వ సెక్షను ననుసరించి నాకు ఈ క్రింది సర్దుబాట్లు చేయింప ప్రార్థన. (ఒకటి, రెండు, మూడు అని విడివిడిగా వ్రాయవలెను.) తమ నిర్ణయమును వ్రాతపూర్వకముగా తెలుప కోరుచున్నాను."

మూడవ కాగితము ఆ దరఖాస్తు ముట్టినదని కళాశాలవారిచ్చు రసీదు. నకలుపై తేదీ, సంతకము, ముద్ర వేయించుకొనిన చాలును. పలువురు మరచిపోవునది ఈ మూడవ కాగితమే. ఆపదలో ఆదుకొనునదియు ఇదియే.

నిరాకరించినచో ఎచటికి పోవలెను?

కళాశాల వినకున్నచో విశ్వవిద్యాలయమునకు గాని బోర్డునకు గాని వ్రాయవలెను. అచ్చటను ఫలితము లేనిచో రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు చేయవచ్చును. సాక్షులను పిలిపించుటకు, పత్రములను తెప్పించుటకు ఆయనకు సివిలు కోర్టుకున్న అధికారములు కలవు. ఆయన సిఫారసు చేసినచో, సంబంధిత అధికారి తీసికొనిన చర్యను మూడు నెలలలో తెలియజేయవలెను. సిఫారసును అంగీకరింపనిచో కారణము చెప్పవలెను. చట్టమును ఉల్లంఘించినవారికి మొదటిసారి 10 వేల రూపాయల వరకును, మరల ఉల్లంఘించినచో 50 వేలకు తగ్గకుండ 5 లక్షల రూపాయల వరకును జరిమానా విధింపవచ్చును.

అయినను ఫిర్యాదు చివరి మార్గమే గాని మొదటిది కాదు. మా అనుభవమున పెక్కు కళాశాలలు ద్వేషముతో కాక, తెలియక నిరాకరించుచున్నవి. చట్టము తెలిసిన ఒక పెద్దమనిషి మర్యాదగా పోయి మాటలాడినచో చాలవరకు పని జరుగును. ఆ పెద్దమనిషి పంచాయతీ సభ్యుడేల కాకూడదు?

పంచాయతీ చేయదగిన పనులు

చట్టమున "స్థానిక సంస్థ" యను మాటకిచ్చిన నిర్వచనములో పంచాయతీ కూడ చేరియున్నది. అనగా వైకల్యముగల పిల్లలను గుర్తించి వారి అవసరములు తెలిసికొను బాధ్యత ప్రభుత్వముతోపాటు పంచాయతీకిని కలదు. బడిపిల్లలలో ఇట్టివారిని గుర్తించుటకు అయిదేండ్లకొకమారు సర్వే జరుగవలెనని 17వ సెక్షను చెప్పుచున్నది. మనము అంతవరకు వేచియుండ నక్కరలేదు.

ప్రతి సంవత్సరము జనవరి మాసమున వార్డువారీగా ఒక జాబితా తయారుచేయవచ్చును. పదవ తరగతి, ఇంటరు చదువుచున్న దివ్యాంగులెవరు, ధ్రువపత్రము ఎవరికున్నది, ఎవరికి లేదు, చదువు మధ్యలో మానినవారెవరు అని అందు వ్రాయవలెను. లేనివారికి పంచాయతీ కార్యదర్శి ద్వారా శిబిరమునకు సమయము నమోదు చేయింపవలెను. వినికిడి తక్కువైనవారు, చదువుటలో ఇబ్బందిపడువారు ఈ జాబితాలో సాధారణముగా తప్పిపోవుదురు. ఉపాధ్యాయులను అడిగి చేర్చవలెను.

కళాశాలకు పోవు దారి ఇంటి వాకిలినుండియే మొదలగును. ఇంటినుండి బస్సు ఆగుచోటి వరకు గల వీధిలో మురుగుకాలువపై రాతిపలక లేకున్నచో ఆ విద్యార్థి చదువు అచ్చటనే ఆగును. ఆ పలక వేయుట పూర్తిగా మన చేతిలోని పని. ఆర్టీసీ రాయితీ పాసు, విద్యార్థివేతనపు దరఖాస్తు గడువు వంటివానిని గ్రామసభలో చదివి వినిపించవలెను. ఆడపిల్ల యైనచో "ఇంత కష్టపడి ఏమి చదువులే" యని ఇంటివారు వెనుదీయుదురు. అచ్చట మహిళా సభ్యులు పోయి చెప్పు మాటకు విలువ ఎక్కువ.

మొదట చెప్పిన అమ్మాయి సంగతి తెలిపి ముగింతుము. ఆ సమావేశము జరిగిన వారమునకే వార్డు సభ్యురాలు దరఖాస్తు వ్రాయించి, తండ్రితో కలిసి కళాశాలకు పోయి రసీదు తెచ్చినారు. ప్రిన్సిపాలుగారు దస్త్రము చూచి, కాలపట్టిక తిరుగవ్రాయించి, ఆ తరగతిని క్రింది గదికి మార్చినారు. అందుకు పట్టినది ఒక పూట. మరుగుదొడ్డి వాకిటనున్న ఎత్తైన మెట్టు ఇంకను అట్లేయున్నది. దానికి అంచనా తయారగుచున్నదట. ఆ విషయమై రెండవ ఉత్తరము కూడ పోయినది. అమ్మాయి మరల చేరి చదువుచున్నది. తండ్రి పొలము పనికి పోవుచున్నాడు.

కాని ఆమెకు ఒక సంవత్సరము పోయినది. అదే ఉత్తరము చేరిన మొదటి వారముననే వ్రాసియున్నచో అదియు పోకుండెడిది. మీ గ్రామమున రాబోవు జూనులో కళాశాలకు పోవలసిన బిడ్డ ఎవరో, వారికి ఏ కాగితము లేదో ఈ నెల పంచాయతీ సమావేశముననే విచారింప సభ్యులను కోరుచున్నాము.